వాక్యము లేని ఇంగ్లీషు

తెలుగునేలకు దక్షిణపు టంచున, పులికాటు సరస్సు చెంత, తడ యను ఊరు గలదు. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ యేటి పునర్విభజనతో తిరుపతి జిల్లాలో చేరినది. ఊరు దాటి కొంతదూరము పోయిన తమిళనాడు. అందుచే ఇచ్చటి పిల్లలకు ఇంట తెలుగును, అంగట అరవమును ఉగ్గుపాలతోనే అబ్బుచుండును. ఇటీవల ఆ ప్రాంతమున నాలుగవ తరగతి బాలుడొకడు మాకు తారసిల్లెను. కుమారుని ఇంగ్లీషును మాకు వినిపింపవలెనని తండ్రి ముచ్చటపడి, పాట చెప్పుమనెను. బాలుడు చేతులు కట్టుకొని గుక్కతిప్పుకొనక ఆంగ్లగేయము నొకదానిని అప్పగించెను. ఉచ్చారణ చక్కగనే యుండెను. పిమ్మట మేము ఇంగ్లీషుననే, నీకెందరు తోబుట్టువులని యడిగితిమి. బాలుడు తండ్రి మొగము చూచెను. తండ్రి నేల చూచెను. ఆ ప్రశ్ననే తెలుగున వేయగా, అక్క యొకతె, తమ్ముడొకడని చెప్పి, ఆ తమ్ముడు తన పెన్సిలుపెట్టె విరుగగొట్టిన వృత్తాంతము సైతము వినిపించి, అంతలో వచ్చిన పండ్లబండివానితో అరవమున బేరమాడసాగెను.

ఈ బాలునికి బుద్ధి కొఱత లేదు. రెండు భాషలలో వాక్యము లల్లగలవాడు మూడవ భాషలో ఒక్క వాక్య మల్లలేకపోయిన, దోషమును వానియందు గాక మన బోధనయందు వెదకవలసియున్నది. వానికి ఇంగ్లీషు మాటలు వందలు వచ్చును. మాటను మాటతో కూర్చు తీరు మాత్రము వానికి ఎవ్వరును చెప్పలేదు.

మన రాష్ట్రమున ఇంగ్లీషును గూర్చి జరిగిన వాదమునకు కొదువ లేదు. సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమమును నెలకొల్పుచు 2019 నవంబరులో ప్రభుత్వము ఉత్తరువులు వెలువరించెను. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వానిని కొట్టివైచెను. ప్రభుత్వము సుప్రీంకోర్టుకు పోయెను. ఆ సంవత్సరమే వెలువడిన జాతీయ విద్యావిధానము, వీలైనచోట కనీసము అయిదవ తరగతి వరకు మాతృభాషలో బోధింపుమని పలికెను. ఒకరు తెలుగుతల్లికి ద్రోహమనిరి. వేరొకరు పేదవానికి ఇంగ్లీషు నందనీయని కుట్ర యనిరి. సభలు జరిగెను, వ్యాసములు వచ్చెను, మేమును వ్రాసితిమి. ఇంత రగడలో, ఇంగ్లీషు వాక్యమును తెలుగు పిల్లవానికి ఎట్లు నేర్పవలెనను ప్రశ్న మాత్రము ఎవ్వరి నోటను రాదయ్యెను. మాధ్యమము వేరు, భాష నేర్చుట వేరు. గణితమును, శాస్త్రమును ఇంగ్లీషున చెప్పినంతమాత్రమున ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు రానివానికి ఇంగ్లీషున చెప్పిన గణితమును రాదు.

మా యెఱుకలో ఈ చిక్కున కంతకు మూలము ఒక్కటే. తెలుగు వాక్యము నడచు త్రోవ వేరు, ఇంగ్లీషు వాక్యము నడచు త్రోవ వేరు. ఆ భేదమును పిల్లవానికి వాని భాషలో విప్పి చెప్పువారు లేరు. ఆనాడు ఆ బాలునికి మేమొక చిన్న ప్రయోగము చేసి చూపితిమి. "రాముడు రావణుని చంపెను" అన్నను, "రావణుని రాముడు చంపెను" అన్నను తెలుగున అర్థమొక్కటే. "ని" యను ప్రత్యయము రావణుని గట్టిగా పట్టుకొనియున్నది గనుక పదము లెటు దొర్లినను లంక కూలక తప్పదు. సంస్కృతమునను ఇంతే, విభక్తి యున్నంతకాలము పదములకు స్వేచ్ఛ. ఇంగ్లీషున కా ప్రత్యయము లేదు. అచ్చట స్థానమే విభక్తి. "రామ కిల్డ్ రావణ" యన్న రాముడు గెలిచెను. అటుదిటు చేసి "రావణ కిల్డ్ రామ" యనుమంటిమి. బాలుడు అని చూచి, కన్నులు పెద్దవి చేసి, "అయితే రావణుడే రాముణ్ణి చంపేసినట్టా సార్!" అని పకపక నవ్వెను. చంపినవాడు ముందు, చంపుట నడుమ, చచ్చినవాడు వెనుక యను సూత్రమును వాడిక జన్మలో మరువడు.

ఇట్టివి మఱికొన్ని గలవు. "మా నాన్న రైతు" అనునది తెలుగున నిండువాక్యము. క్రియ లేదని దానిని ఎవ్వరును తప్పుపట్టరు. కనుకనే మన పిల్లవాడు "మై ఫాదర్ ఫార్మర్" అని వ్రాయును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో "ఈజ్ ఎ" అని ఇరికించి మార్కు తగ్గించును. ఎందుకు తగ్గినదో పిల్లవానికి తెలియదు. క్రియ లేనిదే ఇంగ్లీషు వాక్యము నిలువదని, మనము చెప్పక విడుచు "అయి యున్నాడు" అనుదానిని ఇంగ్లీషువాడు విడువడని తెలుగున రెండు మాటలు చెప్పిన చాలును. మనము "బడికి" అని తోకగా తగిలించు "కి" అచ్చట "టు స్కూల్" అని తలయై కూర్చుండును. మనము "వచ్చావా?" అని చివర ఒక్క దీర్ఘము తీసి ప్రశ్న వేయుదుము; ఇంగ్లీషున "డిడ్" అను కావలివానిని ముందు నిలిపిన గాని ప్రశ్న పుట్టదు. "వచ్చాడు" అన్న వచ్చినవాడు మగవాడని, ఒక్కడని మనకు తెలియును గనుక కర్తను చెప్పకున్నను చెల్లును. "కేమ్" అన్న వచ్చినది వాడో, ఆమెయో, ఏనుగుల మందయో తెలియదు. అందుకే అచ్చట కర్త తప్పనిసరి.

ఇవి పండితుల రహస్యములు గావు. తడ పిల్లవానికి మఱింత సులభము, ఏలన తెలుగునను అరవమునను క్రియ చివరనే యుండును; ఆ రెండింటికిని లేని నడక ఇంగ్లీషున కున్నదని పోల్చి చూపిన వాడు ఇట్టే పట్టుకొనును. రెండు భాషల మధ్య రాకపోకలు వాని నిత్యకృత్యము. ఆ సొత్తును బడి గడప వెలుపల విడిచి రమ్మని మనము శాసించుచున్నాము. కొన్ని ప్రైవేటు బడులలో తెలుగు పలికిన పిల్లలను దండించుచున్నారు. తెలిసిన భాష నోట రాకుండ చేసి తెలియని భాష నేర్పబూనుట చేపకు నీరు తీసివైచి ఈత నేర్పుట వంటిది.

ఈ తీరమునకు ఇంగ్లీషు క్రొత్త గాదు. 1626లో ఆంగ్ల వర్తకులు దుగరాజపట్నమున కోటకొట్టు నిలిపిరి. 1639లో చెన్నపట్నము వారి చేజిక్కినది. నాటినుండి ఇరువురి నడుమ నిలిచి పని జరిపించినవారు మన దుబాసీలు. ద్విభాషి యను మాటకే రెండు భాషలు తెలిసినవాడని యర్థము గాని, ఒకదానిని మఱచి వేరొకటి నేర్చినవాడని గాదు. చెన్నపట్నపు సుప్రీంకోర్టున దుభాషిగా నున్న ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రను తెలుగుననే వ్రాసెను. తెలుగు నేర్చిన బ్రౌను దొర నిఘంటువుతో తృప్తి నొందక, 1852లో ఇంగ్లీషు, తెలుగు వాక్యముల నెదురెదురుగా కూర్చి "వాక్యావళి" ప్రకటించెను. మెకాలే 1835లో ఇంగ్లీషునకు పట్టముగట్టెనని మనము నిందింతుము, నిందింపదగినదే. కాని 1854 నాటి విద్యా తాఖీదులో ఆ ప్రభుత్వమే, ఇంగ్లీషును కోరినచోట నేర్పుచునే దేశభాషలపై శ్రద్ధ వహింపుమని వ్రాసికొనెను. పరాయి దొరలు కాగితముపైనైనను ఒప్పుకొన్న మాటను స్వరాజ్యమున మనము విస్మరించుట వింతగా నున్నది.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పాఠములు చెప్పుచు, జీవద్భాషను చెవితోను నోటితోను నేర్పవలెనని పోరాడెను. ఇట్టి గ్రాంథికము వ్రాయుచు ఆయన పేరెత్తుటకు మీకేమి యర్హత యని చదువరులు నవ్వవచ్చును. నవ్వుగాక. ఆయన చెప్పిన మాట మాత్రము ఈ విషయమున వేదవాక్యము: పిల్లవాడు ముందు పలుకవలెను, పిదప వ్రాయవలెను, కంఠస్థము అన్నిటికంటె కడపట.

ఇందు మన పెద్దల తప్పిదమును గలదు. సభలలో తెలుగు వైభవమును పొగడి, తమ బిడ్డలను మాత్రము పట్టణపు కాన్వెంటులకు బంపు భూస్వాములను, ఉద్యోగులను మే మెఱుగుదుము. వారిలో మా మిత్రులును గలరు. వారి బిడ్డలకు ఇంట ఇంగ్లీషు పత్రికలుండును, ట్యూషను మాస్టరుండును. పులికాటులో పడవపై వచ్చు ఇరకము దీవి పిల్లవానికి బడి తప్ప వేరు దిక్కులేదు. తడకు చేరువనే శ్రీసిటీలో జపాను మొదలగు దేశముల కంపెనీల కర్మాగారములు వెలసినవి. అచ్చట కాపలాకో, బరువులు మోయుటకో చేరుటకు వాక్యము అక్కఱలేదు. యంత్రపు సూచనలు చదివి ప్రశ్న వేయుటకును, ఒప్పందమున ఏమున్నదో తెలిసి సంతకము చేయుటకును, అన్యాయము జరిగిన అర్జీ వ్రాసికొనుటకును వాక్యము కావలెను.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము సర్కారు బడుల నిర్వాహక సంఘములలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. ఆ సంఘములు గోడలకు రంగులు, మధ్యాహ్న భోజనపు గ్రుడ్లు విచారించుటతో నూరకుండరాదు. పిల్లలకు ఒక బొమ్మ చూపి, దానిని గూర్చి ఇంగ్లీషున అయిదు సొంత వాక్యములు చెప్పుమని యడుగవలెను. కంఠస్థపు పాట పనికిరాదు. తప్పులున్న నుండుగాక, ఆ తప్పులను తెలుగున వివరించి దిద్దుటకు దినమునకొక గంట కేటాయింపుమని ప్రధానోపాధ్యాయుని కోరవలెను. 2020 నుండి ప్రభుత్వ పాఠ్యపుస్తకములు ఒక ప్రక్క ఇంగ్లీషు, ఒక ప్రక్క తెలుగుగా వచ్చుచున్నవి. రెండు పుటలను కలిపి చదివించు ఉపాధ్యాయు డున్నచో అంతకు మించిన సాధనము లేదు. ఒక పుటనే చదివించి రెండవదానిని మడచిన, కాగితము దండుగ. విద్యాశాఖ వారు ఉపాధ్యాయులకు ఈ పోల్చి చెప్పు విద్యలో ముందు తర్ఫీదు నిప్పింపవలెను. తడ మండలపు బడులతోనే ఆరంభింపవచ్చును. అచ్చటి పిల్లలు ఇప్పటికే రెండు భాషలు నడపుచున్నారు.