తెల్లవారుజాము – రక్తనాళముల గడియారము

బస్తరు సీమలో చింతచెట్టు లేని పల్లె అరుదు. జగదల్పురపు సంతకు చేరిన చింతపండు దూరదేశములకు సైతము పోవుచున్నది. ప్రొద్దు గ్రుంకినంతనే ఆ చెట్టు ఆకులు ముడుచుకొనుట, తెల్లవారినంతనే విచ్చుకొనుట అక్కడి పిల్లలకును తెలిసిన సంగతియే. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమున అలెగ్జాండరు నౌకలతో పయనించిన ఆండ్రోస్తనీసు అను గ్రీకు నావికుడు ఒక ద్వీపమందు ఇట్టి చెట్టును చూచి వర్ణించెను. అది చింతచెట్టే యని పండితులు తలచుచున్నారు. 1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ద మైరాన్ అత్తిపత్తి వంటి యొక మొక్కను చీకటిలో నుంచగా, వెలుతురు సోకకున్నను దాని ఆకులు వేళ తప్పక ముడుచుచు, విచ్చుచు నుండెను. కాలమును లెక్కించు సాధనము ప్రాణి లోపలనే కలదని తరువాతివారు గ్రహించిరి.

మనుష్య దేహమందును అట్టి గడియారము కలదు. మెదడు అడుగుభాగమున, కంటి నరములు కలియు చోటికి పైగా నున్న కొలది నాడీకణములు దానికి మూలము. కంటిలో ప్రవేశించు వెలుతురును బట్టి అవి వేళను సరిచూచుకొనును. ఈ గడియారము అణుమాత్రపు కణములో ఎట్లు నడచునో చిన్న ఈగలయందు పరిశోధించి తెలిపిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికను శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. గుండె కణములకు, రక్తనాళముల లోపొర కణములకు సైతము తమతమ గడియారములు కలవు.

రాత్రి నిద్రలో ఆరోగ్యవంతుని రక్తపోటు పగటికంటె నూటికి పది మొదలు ఇరువది వంతులు తగ్గును. తెల్లవారుజామున దేహము మేలుకొనుటకు సిద్ధపడును. ఉత్తేజము కలిగించు గ్రంథిరసములు హెచ్చును, నాళములు బిగియును, రక్తపోటు పెరుగును. మనిషి లేచి నిలువగనే రక్తమందలి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకొను స్వభావము అధికమగును. గడ్డను కరిగించు శక్తిని అడ్డగించు పి.ఎ.ఐ.-1 అను పదార్థము కూడ ఆ వేళనే హెచ్చుగా నుండును. నాళములు నిర్మలముగా నున్నవానికి వీనివలన కీడు లేదు. క్రొవ్వు పేరుకొని ఇరుకైన ధమనులు గలవానికి మాత్రము ఇది గండపు వేళ. గుండెపోటు ఉదయము 9 గంటల ప్రాంతమున మొదలగుట, రాత్రి 11 గంటల ప్రాంతముకంటె సుమారు మూడు రెట్లు అధికమని 1985లో అమెరికా వైద్యులు ప్రకటించిరి.

ఈ సంగతి బస్తరుకు ఏల ముఖ్యము? బైలాడిలా కొండలలో 1968లో కిరందూలు వద్ద ఇనుప ఖనిజపు త్రవ్వకము ఆరంభమైనది. నాటినుండి ఖనిజము రైలుమీద విశాఖపట్టణమునకు దిగుచున్నది. గనిలో యంత్రము నడుపువాడు, రైలుబండి నడుపువాడు, లారీ డ్రైవరు, ఆసుపత్రి నర్సు, కాపలావాడు – వీరందరును షిఫ్టులవారీగా రాత్రులు మేలుకొనువారే. వీరిలో తెలుగువారు కూడ కలరు. పని వేళ మారినను లోపలి గడియారము వెంటనే మారదు. దేహము నిద్ర కోరు వేళ శ్రమయు, మేలుకొను వేళ నిద్రయు సంభవించును. 34 పరిశోధనలను, ఇరువది లక్షలకు పైగా జనుల వివరములను కలిపి పరిశీలించి 2012లో వెలువడిన నివేదిక, షిఫ్టులలో పనిచేయువారికి గుండెపోటు ప్రమాదము నూటికి 23 వంతులు అధికమని తెలిపినది.

అలవాటైనవానికి రాత్రిపని ఏమియు చేయదని కొందరందురు. అది భ్రమ. ఏండ్ల తరబడి రాత్రులు పనిచేసినను, సెలవునాడు పగటివెలుతురులో తిరుగువాని గడియారము పూర్తిగా తలక్రిందులు కాదు. రాత్రిపని మానవలెనని మరికొందరందురు. అదియు సాధ్యము కాదు. ఆసుపత్రియు, రైలును రాత్రి మూసివేయు వీలు లేదు. సరియైన మార్గము ఈ రెంటి నడుమ నున్నది. రాత్రి మేల్కొలుపును శ్రామికుని ఓర్పునకు పరీక్షగా గాక, దుమ్మువలె, మ్రోతవలె, పనిచోటి ప్రమాదముగా ఎంచవలెను. మనిషి గడియారము సహజముగా 24 గంటలకంటె కొలది నిమిషములు అధికముగా నడచును. కావున ఉదయము, మధ్యాహ్నము, రాత్రి అను వరుసలో షిఫ్టులు మారుట, వెనుకకు మారుటకంటె సులభము. వైద్యపరీక్షలో రక్తపోటు చూచుటయేగాక, ఎన్ని రాత్రులు పనిచేసితివి, పగలు ఎంతసేపు నిద్రించితివి అని కూడ అడుగవలెను. పగటినిద్రకు చీకటి గది, ఇంటివారి నిశ్శబ్దము అవసరము.

భోజనపు వేళకు సైతము ప్రాధాన్యము కలదు. 2025లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 20 మంది ఆరోగ్యవంతులను రాత్రిపని రీతిని మేలుకొల్పి చూచిరి. రాత్రి భుజించినవారిలో పి.ఎ.ఐ.-1 పెరిగెను, పగలు మాత్రమే భుజించినవారిలో పెరుగలేదు. ఇది చిన్న పరిశోధనయే. ఐనను నడిరేయి నిండు భోజనము మాని, షిఫ్టుకు ముందే తినుటకు ఖర్చు లేదు. తెల్లవారుజామున షిఫ్టు దిగి బీడీ ముట్టించుట మాత్రము తప్పక మానవలసినదే. పొగ నాళములను బిగించి, గడ్డకట్టు స్వభావమును పెంచును.

మందుల విషయమున తొందర తగదు. రక్తపోటు మాత్రను ఉదయము వేసికొన్నను, సాయంకాలము వేసికొన్నను ఫలమొకటే యని బ్రిటనులో 21,104 మందిపై జరిగి 2022లో వెలువడిన పరిశోధన తేల్చినది. మరువక ప్రతిదినము వేసికొనుటయే ప్రధానము. వైద్యుని అడుగక వేళ మార్చరాదు, మాత్ర మానరాదు.

అన్నిటికన్న మిన్నయగు మాట ఒకటి కలదు. తెల్లవారుజామున గుండెలో బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, మూతి వంకరపోవుట, ఒకవైపు కాలుసేతులు పట్టుదప్పుట – వీనిలో ఏది కనిపించినను, తెల్లవారనిమ్ము, చూతమని ఆగరాదు. వాయువని, అజీర్ణమని ఇంటి చిట్కాలతో గంటలు గడుపరాదు. అడవిదారులు దూరమైన బస్తరులో ఆ గంటలే ప్రాణములు. వెంటనే 108 సంఖ్యకు ఫోను చేయవలెను. బండి రాని చోట దొరికిన వాహనముపై దగ్గరి ఆసుపత్రికి చేరవలెను. చింతచెట్టు ఆకులు విచ్చువరకు వేచియుండుటకు గుండెపోటు సమయమీయదు.