పన్నీరు రోజాను పెరికివేయవద్దు

హోసూరు ప్రాంతమున మన ఇండ్ల వాకిళ్ళలో పన్నీరు రోజా పొద ఇంకను అక్కడక్కడ కనబడుచున్నది. వాకిలికి సిమెంటు పరచునపుడు ముందుగా బలియగునది ఈ పొదయే. దాని స్థానమున కుండీలో పెద్దపూల గులాబి వచ్చి చేరును. రెండు వేసవులు గడచుసరికి కుండీ మాత్రము మిగులును. మా పాఠశాల ప్రహరిగోడ వెంబడి గల పాత పొదలను కూడ తీసివేసి, నర్సరీనుండి క్రొత్త రకములు తెప్పించి నాటవలెనని కొందరు తల్లిదండ్రులు సూచించియున్నారు. వారి సదుద్దేశమును మేము శంకింపము. కాని ఆ సూచనను అంగీకరింపజాలము.

పన్నీరు రోజాను ఉద్యానశాస్త్రజ్ఞులు ఎడ్వర్డ్ రోజా అని వ్రాయుదురు. ఇది బూర్బన్ గులాబీల కుటుంబమునకు చెందినది. హిందూ మహాసముద్రమున మడగాస్కరుకు తూర్పుగా రీయూనియన్ అను చిన్న దీవి గలదు. దాని పూర్వనామము బూర్బన్. అచ్చటి రైతులు పొలములకు కంచెగా రెండు విధముల గులాబీలను నాటెడివారు. ఒకటి చీనా గులాబి. రెండవది శరత్కాలమున మరల పూచెడి డమాస్కు గులాబి. ఆ రెండింటి కలయికవలన కంచెలోనే, ఎవరి ప్రయత్నమును లేకయే, ఒక క్రొత్త మొక్క పుట్టెను. దాని విత్తనములు 1819 ప్రాంతమున పారిస్ నగరమునకు చేరగా ఆ వంశము అచ్చట వర్ధిల్లెను. ఎండకు ఓర్చుకొనుట, ఏడాదిలో పలుమారులు పూయుట చీనా పక్షమునుండి వచ్చిన గుణములు. పరిమళము డమాస్కు పక్షమునుండి వచ్చినది.

చీనా గులాబీలు ఐరోపాకు కలకత్తా మీదుగా పోయినందున ఫ్రెంచివారు వానిని బెంగాలు గులాబీలని పిలిచిరి. ఊరు మారినపుడు పేరు మారుట సరిహద్దు గ్రామములలో నివసించు మనకు వింత కాదు.

1867లో ఫ్రాన్సు దేశమున 'లా ఫ్రాన్స్' అను గులాబి వెలువడినది. అంతకు ముందునుండి ఉన్న కుటుంబములను పాత తోటగులాబీలని వ్యవహరించుట పరిపాటి. అయితే పాతదైనంత మాత్రమున ఎండను సహించునని తలచరాదు. గాలికా, ఆల్బా, సెంటిఫోలియా అను ఐరోపా గులాబీలు ఏటికొక్కమారు పూయును. వానికి శీతకాలపు నిద్ర అవసరము. తగినంత చలి లేనిచో మొగ్గ తొడుగక, ఆకులతోనే కాలము గడుపును. అట్టివానిని పుస్తకములోని బొమ్మ చూచి ముచ్చటపడి ఇచ్చట నాటుట వృథాశ్రమ. చీనా గులాబీలు, టీ గులాబీలు, అమెరికాలో వేసవి ఉక్కకు పేరుపడిన చార్లెస్టన్ నగరమున పుట్టిన నాయిసెట్ గులాబీలు వేరు మార్గమునకు చెందినవి. వానికి నిద్రతో పనిలేదు. మన పన్నీరు రోజా ఆ పక్షమునకు దగ్గర చుట్టము.

ఇప్పుడీ వివేచన ఎందులకన, ఎండలు మునుపటివలె లేవు. 1901 నుండి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. 2024 ఏప్రిల్ 28న బెంగుళూరులో 38.5 డిగ్రీలు నమోదయ్యెను. ఆ ఊరు మనకు 40 కిలోమీటర్ల దూరమే. వేడి మితిమీరినపుడు గులాబిపూవు చిన్నదగును, రేకులు తగ్గును, అంచులు మాడును. రాత్రులు చల్లబడకున్నచో, పగలు సిద్ధపరచుకొన్న ఆహారమును మొక్క శ్వాసక్రియకే వ్యయపరచును. పొడివేడిలో ఎఱ్ఱనల్లి పెచ్చుపెరుగును.

ఇంకొక సంగతి కలదు. నర్సరీ గులాబి చాలవరకు రెండు మొక్కల అతుకు. అడుగున ఒకదాని వేరు, పైన వేరొకదాని కన్ను. పై భాగము ఎండలకు చచ్చిన పిదప అడుగునుండి లేచు చిగురు మనము వెలపెట్టి కొన్న పూవును ఇయ్యదు. కొమ్మనాటి పెంచిన పన్నీరు రోజా తన వేరుపై తాను నిలుచును. కొమ్మలన్నియు మాడినను మరల వచ్చునది దాని చిగురే. ఉత్తరదేశపు నర్సరీలలో క్రొత్త గులాబీలకు అడుగువేరుగా వాడు మొక్కలలో ఈ ఎడ్వర్డ్ రోజా ఒకటి. పైనున్న పూవునకు బహుమానము, క్రిందనున్న వేరునకు మన్ను!

వాదము ఏకపక్షము కారాదు. పన్నీరు రోజా కాడ పొట్టి. ఉదయము కోసినది సాయంకాలమునకే రేకులు రాల్చును. దండకు, పూజకు, పన్నీటికి, గుల్కందుకు పనికివచ్చును గాని పుష్పగుచ్ఛమునకు కాదు. హోసూరు పాలీహౌసులలో పండించు తాజ్‌మహల్ వంటి ఎఱ్ఱగులాబీలు దూరదేశములకు ఎగుమతియగుచున్నవి. ఈ ప్రాంతమున ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. ఆ వృత్తిని మేము చులకన చేయుట లేదు. అయితే కప్పు, బిందుసేద్యము, వారమువారము మందు ఉన్నచోట బ్రతుకు మొక్కను, ఏప్రిల్, మే సెలవులలో నీరు పోయు దిక్కులేని బడి ఆవరణలో నాటుట న్యాయమా?

క్రొత్తదానినెల్ల నిరసించుటయు మా అభిప్రాయము కాదు. ఆంధ్రప్రదేశమున ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, ఉద్యోగము విడిచి కొడైకెనాలులో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారును, వారి సతీమణి గిరిజ గారును, వేడిదేశములకు తగిన గులాబీలను రూపొందించుటకు ఏండ్లతరబడి కృషిచేసిరి. బెంగాలు చిత్తడినేలలలో పెరుగు రోజా క్లైనోఫిల్లా, మణిపురపు కొండలలోని రోజా జైగాంటియా అను అడవి గులాబీలను వారు అందులకు వినియోగించిరి. అట్టి రకము చేతికందినచో సంతోషముతో నాటుదము. పన్నీరు రోజా ప్రక్కన నాటుదము, దానిని తీసివేసి కాదు.

కావున ప్రహరిగోడ వెంబడి పొదలను ఉంచవలెననియే మా నిశ్చయము. వానలు పడిన తరువాత వానిని తేలికగా కత్తిరింతుము. మోడుగా నరుకుట వానికి హితము కాదు. పెన్సిలంత లావు, జానెడు పొడవు గల కొమ్మలను కోరిన విద్యార్థులకు పంచెదము. రెండు కణుపులు మట్టిలో మునుగునట్లు నాటి, వేరు పట్టువరకు నీడలో ఉంచవలెను. పిమ్మట ఉదయపుటెండ తగిలి, మధ్యాహ్నము గోడనీడ పడుచోటికి మార్చవలెను. మొదట వేరుశనగ పొట్టు గాని ఎండుటాకులు గాని పరచినచో తేమ నిలుచును. ఇంటిలో ఇదివరకే పాత పొద ఉన్నవారు దాని కొమ్మ ఒకటి తెచ్చి ఇయ్యగోరుచున్నాము. తెచ్చునపుడు ఆ పొద ఎప్పటిదో, ఎవరు నాటిరో, అవ్వ దానిని ఏ పేరున పిలుచునో అడిగి, ఒక కాగితముపై వ్రాసికొని రావలెను.