రామ్ చేప... పేరు రాముడిది కాదు!

భద్రాచలం పరిసరాల్లో 'రామ్' అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది రామయ్యే. అక్వేరియం దుకాణంలో మాత్రం అది రెండంగుళాల చేప! వీటిని పట్టి తెచ్చి అమ్మిన మాన్యుయెల్ రామిరేజ్ గుర్తుగా 1948లో శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. వెనెజువెలా, కొలంబియాల్లోని ఒరినోకో నదీ ప్రాంతం దీని పుట్టిల్లు. మరుగుజ్జు సిక్లిడ్లలో దీనికున్న అభిమానులు అంతా ఇంతా కాదు.

చిక్కల్లా ఏమిటంటే... 'సిక్లిడ్' అనే ఒక్కమాట కింద ఎన్నో రకాలు అమ్ముడవుతాయి. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలకు ఖనిజాలున్న గట్టి నీళ్లు కావాలి. రామ్‌కూ, దాని చుట్టం అపిస్టోగ్రామాకూ మెత్తటి, కాస్త పులుపు గుణమున్న నీళ్లు కావాలి. రెంటినీ ఒకే తొట్టెలో వేస్తే ఏదో ఒకదానికి కష్టమే. పైగా మలావి చేపలు పోట్లాటకు ముందుంటాయి. అందుకే కొనేముందే గుర్తుపట్టాలి.

ఆనవాళ్లివీ...

రామ్‌కు కంటి మీదుగా నల్లటి నిలువు చార, ఒంటిపై నీలి మెరుపులు, పక్కన ఓ నల్లమచ్చ ఉంటాయి. ఆ మచ్చలోనూ మెరుపులుండి పొట్ట గులాబీ రంగులో ఉంటే సాధారణంగా ఆడచేప. అపిస్టోగ్రామా ఆడచేప గుడ్లు కాసేటప్పుడు పసుపు పచ్చగా మారిపోతుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన క్రిబెన్సిస్‌లో ఆడదాని పొట్ట ఎర్రగా నిగనిగలాడుతుంది. కాలువలో దొరికిన బూడిదరంగు పిల్లకు వీపు రెక్క వెనకభాగంలో నల్లచుక్క ఉందా? అది తిలాపియా కావచ్చు. పెరిగితే చిన్న తొట్టెలో పట్టదు!

నీళ్లతోనే అసలు పని

బోరునీళ్లు మరిగిస్తే గిన్నెకు తెల్లపొర కడుతోందా? అయితే అవి రామ్‌కు పడవు. ఆరుబయట శుభ్రమైన టబ్బులో పట్టిన వాననీళ్లు కలిపితే మెత్తబడతాయి. ఎండిన బాదం ఆకులు ఒకటి రెండు వేస్తే మరీ మంచిది. నీళ్లు లేత టీ రంగుకు తిరిగితే కంగారు పడొద్దు. ఇసుకపై నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. నురగొస్తే అందులో సున్నముందన్నమాట, వాడకండి.

రెండడుగుల తొట్టెకు ఒక జంట చాలు. తొట్టె పెట్టిన రోజే చేపల్ని వదలొద్దు. చిటికెడు మేత వేస్తూ నాలుగైదు వారాలు ఫిల్టరు నడపాలి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా పెరగడానికి ఆ గడువు అవసరం. నీటి వేడి 27 నుంచి 29 డిగ్రీలుండాలి. కొత్తగూడెం ఎండల్లో హీటరుతో పనే లేదు. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు ఆపకండి. వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మార్చండి. అపిస్టోగ్రామా, క్రిబెన్సిస్‌లకు ఓ కొబ్బరిచిప్పకు చిన్న దారి చేసి బోర్లిస్తే చాలు, అదే పురిటిగది!

మనకూ ఉన్నాయి

సిక్లిడ్లన్నీ విదేశీవే అనుకోకండి. కేరళ కరిమీన్ ఆ కుటుంబమే. దానికి తమ్ముడి వరసయ్యే ఆరెంజ్ క్రోమైడ్ దక్షిణ భారత తీరప్రాంతపు చేప. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటిమీది జిగురును తింటూ పెరుగుతాయి!

ఒక్క జాగ్రత్త. మోజు తీరిందని చేపల్ని కిన్నెరసానిలోనో, గోదాట్లోనో వదలొద్దు. 1952లో పెంపకానికని దేశంలోకి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా నదుల్లోకి పాకి స్థానిక చేపల తిండికీ, చోటుకూ పోటీ అయింది. వద్దనుకుంటే దుకాణానికి తిరిగివ్వండి, లేదా పెంచగలిగినవారికి ఇవ్వండి.