ఐదు వేల మందికి ఒక నర్సమ్మ

పీహెచ్‌సీకి పోతే డాక్టరు మీటింగుకు పోయారంటారు. డాక్టరు ఉన్న రోజు రక్తపరీక్ష చేసే మనిషి ఉండడు. కాలనీకి రావాల్సిన నర్సమ్మ ఇంకో ఉపకేంద్రానికి కూడా ఇన్‌చార్జి, ఈ వారం అక్కడ. అడిగితే ఒకటే జవాబు: సిబ్బంది కొరత. వాన కురవనట్టు, ఏరు ఎండినట్టు, అదేదో దానంతటదే వచ్చిపడిన కష్టమన్నట్టు చెబుతారు. మనమూ తలూపి వచ్చేస్తాం. ఈ కొరతను మనుషులే తయారుచేశారు, నియమాలు రాసి మరీ తయారుచేశారు అని మేం అంటున్నాం.

'మారుమూలకు ఎవరొస్తారండీ' అనేది మొదటి సాకు. దీనికి జవాబు మన శ్రీహరికోటే. 1969లో ఈ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నప్పుడు ఇక్కడున్నది అడవి, ఇసుక, ఒకపక్క పులికాట్, ఒకపక్క సముద్రం, నడుమ యానాది గుడిసెలు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 కూడా ఇక్కణ్ణుంచే పోయింది. దేశం నలుమూలల నుంచి ఇంజనీర్లు వచ్చి కాపురాలు పెట్టారు. ఎట్లా నిలిచారు? క్వార్టర్లు కట్టారు, పిల్లలకు బడి పెట్టారు, ఆసుపత్రి పెట్టారు, సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా రోడ్డు వేశారు. కావాలనుకున్న మనిషిని దీవిలో కూడా నిలుపుకోవడం సర్కారుకు తెలుసు. నర్సమ్మకు మాత్రం ఒక గది, కరెంటు, తాళం పడే తలుపు ఇవ్వడం కుదరదంటారు. దేశం కోసం దీవి వదిలి ఒడ్డుకు వచ్చిన వాళ్ల మనవలు, మనవరాళ్లు ఈ తేడా అడగకూడదా?

ఇక లెక్క. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అని నియమం. కొండ, గిరిజన ప్రాంతాల్లో అయితే 3,000కు, 20,000కు. చదవడానికి బాగానే ఉంది. కాని యానాదులం ఏజెన్సీలో లేం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, ప్రకాశం మైదానాల్లో ఊరి చివర కొన్ని ఇళ్లు, చెరువు గట్టున కొన్ని ఇళ్లుగా చెదిరి ఉన్నాం. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో 4,62,167 మందిమి. కులం సర్టిఫికెట్‌లో గిరిజనులం, ఆసుపత్రి లెక్కలో మైదానం వాళ్లం. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏజెన్సీ అన్నదమ్ముల కడుపు మండింది, న్యాయమే. మాకైతే అది ఉన్నప్పుడూ లేదు.

పైగా ఆ 5,000 మంది ఇంటిపట్టున ఉంటారనుకుని వేసిన లెక్క అది. మనవాళ్లు రొయ్యల గుంటల కాపలాకు, ఇటుక బట్టీలకు, జామాయిల్ నరకడానికి పిల్లాజెల్లాతో పోతారు. గర్భిణి పేరు ఒక ఊరి రిజిస్టర్లో ఉంటుంది, ఆమె ఇంకో మండలంలో గుంట గట్టున ఉంటుంది. టీకా తేదీ దాటిపోతుంది. నర్సమ్మను మేం తప్పుపట్టం. ఆమె ఒక్కతే, పైగా సెల్లులో నింపాల్సిన వివరాలకే సగం పొద్దు పోతుంది.

ఇంకో రకం పెద్దమనుషులున్నారు. 'మీకు ఆకు పసరు తెలుసు, పాముకాటుకు మందు తెలుసు' అని మెచ్చుకుంటారు. 1835లో దీవి సర్కారు చేతికి పోయాక ముష్టి గింజలు, కుంకుళ్లు, సుగంధిపాల వేరు ఏరి తెచ్చింది మన ముత్తాతలే. ఆ తెలివి మీద మాకు గౌరవం ఉంది. కాని రక్తపింజరి కరిస్తే పసరు ఆపలేదు, విరుగుడు సూది పడాలి. ఆ సూదికి కావాల్సిన విషంలో పెద్ద భాగం తమిళనాడు వడనెమ్మేలిలో 1978లో పెట్టుకున్న ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం తీసిందే. ఇరుళలు వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అడవి తెలివికి సంఘం, శిక్షణ, కూలి తోడైతే దేశానికి మందయింది. ఉత్త మెచ్చుకోలుతో సరిపెడితే మనవాడు దారిలోనే చచ్చిపోతాడు.

మన మనుషులు నేర్చుకోలేరా? మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి ఆడవాళ్లకే నేర్పించి, పసికందులకు ఇంటి దగ్గరే సంరక్షణ చేయించారు. నెలలోపు శిశు మరణాలు మూడో ఏటికి 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

అర్హత తగ్గించమని మేం అడగడం లేదు. సగం నేర్చిన నర్సు మన బిడ్డకు ఎందుకు? ఏఎన్ఎం కోర్సుకు ఇంటర్ కావాలి, బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ కావాలి. మన ఆడపిల్లలు పదో తరగతి దగ్గర, అంతకు ముందే ఆగిపోతున్నారు. మేం అడిగేవి మూడు: ఇంటర్ బైపీసీకి హాస్టలు సీటు, ఫీజు లేని ఏఎన్ఎం సీటు, చదువయ్యాక సొంత మండలంలో పోస్టు. దాంతోపాటు యానాది కాలనీలున్న మండలాలకు 3,000 లెక్కే వర్తించాలి.

మాస్టార్లూ, మీ తొమ్మిదో తరగతిలో ఎంతమంది మన ఆడపిల్లలున్నారో ఇవాళే రాసుకోండి. కులం సర్టిఫికెట్, ఆధార్ లేనివాళ్లకు ఇప్పుడే తీయించండి. అడ్మిషన్ల వారంలో తిరిగితే సీటు పోతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు సమాచార హక్కు చట్టం కింద మీ పీహెచ్‌సీకి ఒక అర్జీ పెట్టండి. పేదరికపు రేఖకు దిగువ ఉన్నవాళ్లకు రుసుం లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇట్లా అడగండి: మంజూరైన పోస్టులెన్ని, అందులో ఎన్ని ఎప్పటినుంచి ఖాళీ, డిప్యుటేషన్ మీద ఎవరు ఎక్కడికి పోయారు, మన కాలనీకి నర్సు చివరిసారి వచ్చిన తేదీ ఏది.