షుగరున్న రైతులూ, పాదాలూ చూపించుకోండి

ఎద్దు కాస్త కుంటితే అరక ఆపి గిట్ట ఎత్తి చూస్తాం. షుగరున్న మన కాలిని మాత్రం తిప్పి చూసుకోం. "నొప్పేం లేదు కదా" అంటారు చాలామంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. చక్కెర జబ్బు ఏళ్ల తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతింటాయి, అదీ ముందుగా కాలివేళ్ల దగ్గర. కొందరికి మంటలు, తిమ్మిర్లు వస్తాయి. కొందరికి ఏ గుర్తూ లేకుండానే స్పర్శ పోతుంది. ఆ కాలికి కంది కొయ్య గుచ్చుకున్నా, తుమ్మముల్లు దిగినా తెలీదు. పుండు చీముపట్టి వాసనొచ్చాక ఆసుపత్రికి పరుగెత్తితే వేలో, పాదమో తీసేయాల్సి రావచ్చు. రెండెకరాల రైతుకు కాలు పోతే సేద్యం పోయినట్టే.

దీన్ని ముందే పట్టే పరీక్ష ఉంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును అరికాలికి ఆనిస్తారు. మీరు కళ్లు మూసుకుని తగిలిందో లేదో చెప్పాలి. సూది లేదు, రక్తం తీసేది లేదు, కొద్ది నిమిషాల పని. జబ్బు బయటపడగానే ఒకసారి, ఆపైన ఏటా చేయించుకోవాలి. కానీ శిబిరాల్లో వేలు పొడిచి, అంకె చెప్పి, మాత్రలిచ్చి పంపేస్తారు; చెప్పులు విప్పమనేవారు తక్కువ. రద్దీ అంటారు, నిజమే. అయినా శిక్షణ పొందిన నర్సు చేయగల పని ఇది. రక్తం చూసే ప్రతిచోటా పాదాలూ చూసి తీరాలి. మొహమాటపడకుండా మీరే అడగండి.

ఈలోగా ఇంట్లో ఇలా చూడండి. కళ్లు మూసుకుని పడుకోండి. ఇంట్లోవాళ్లు రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను వేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి. నొక్కకూడదు, రుద్దకూడదు. ఆరింటిలో రెండు తెలియకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

స్పర్శ తగ్గిందని తేలినా పాదాన్ని కాపాడుకోవచ్చు. ఉత్తకాళ్లతో నడవొద్దు. ఆనెకాయలను బ్లేడుతో కోయొద్దు. మంటలని వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు, చలిమంట దగ్గర కాచుకోవద్దు, కాలినా తెలీదు. దమ్ములో చెప్పులు నిలవవనేదీ నిజమే. అందుకే గట్టెక్కగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, అరికాలు చూసుకోండి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి, లేదా మనవణ్ని చూడమనండి.