బాతులెన్నో చెప్పమంటే...

ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు మొదట చెప్పే మాట ఇదే: "టీచరుగారూ, మావాడికి వందదాకా వచ్చండీ!" అక్కడికక్కడే అప్పజెప్పిస్తారు కూడా. పిల్లాడు గుక్కతిప్పుకోకుండా చదివేస్తాడు. నిజంగానే వచ్చు, పాట వచ్చినట్టు. బొమ్మల పుస్తకం తెరిచి చెరువులో బాతుల్ని లెక్కపెట్టమన్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

బాతులు ఏడు. బారుగా ఉంటే వేలు పెట్టుకుంటూ పోతాడు. గుండ్రంగా ఈదుతున్నాయా, ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోయి పదకొండు, పన్నెండు అంటూ చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. సరిగ్గా ఏడు దగ్గర ఆగినవాణ్ణి "అయితే ఎన్నిరా?" అనండి. మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంటాడు! ఆఖర్న పలికిన ఏడే మొత్తం బాతుల లెక్క అని వాడికింకా తెలియదు. రాచెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే దీనిమీద పుస్తకం రాశారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె, ఆఖరి అంకే మొత్తం, ఎటునుంచి లెక్కపెట్టినా అదే మొత్తం, ఇలాంటివన్నీ కలిస్తేనే లెక్క. మనం బట్టీ వేయించేది అంకెల వరస ఒక్కటే.

బజారులో దొరికే అంకెల పుస్తకాలతో ఈ లోటు తీరదు. పేజీకో పెద్ద అంకె, పక్కన నాలుగు ఆపిల్ పళ్లు. అంకె చూసి చెప్పేస్తే సరిపోయేదానికి పళ్లు లెక్కపెట్టడమెందుకు? జపాన్ చిత్రకారుడు మిత్సుమాసా అన్నో 1975లో వేసిన పుస్తకం చూడండి. మొదటి బొమ్మలో మంచు కప్పిన ఖాళీ నేల, అది సున్నా. అక్కణ్నుంచి ఇళ్లూ చెట్లూ మనుషులూ పెరుగుతూ పన్నెండుదాకా వెళ్తాయి. ఏవి ఎన్నున్నాయో పిల్లలు బొమ్మంతా వెతుక్కోవాల్సిందే.

అంతెందుకు, కథల పుస్తకంలో సంత బొమ్మ ఉన్నా చాలు. ఓసారి మా క్లాసులో గేదె కాళ్ల మీద గొడవైంది. బొమ్మలో కనబడేవి రెండే. "రెండు" అన్నాడొకడు. "నాలుగు, మిగతావి పొద వెనకున్నాయి" అంది పక్కపిల్ల. నేను నోరు మెదపలేదు. ఎక్కాల పుస్తకమెప్పుడైనా అంత పోట్లాట పెట్టిందా? బాతుల పేజీకి మాత్రం గుప్పెడు చింతపిక్కలిస్తాను. బాతుకొకటి చొప్పున పెట్టి, తర్వాత అన్నీ దోసిట్లోకి తీసుకుని లెక్కపెడతారు.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్కించడం రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ పథకం మొదలుపెట్టింది. గడువు 2026-27. బడులకు బొమ్మల పుస్తకాలూ వస్తున్నాయి. వచ్చినవి బీరువాలో తాళం కింద ఉంటే ఏం లాభం? చిరిగితే స్టాక్ రిజిస్టర్‌కు జవాబు చెప్పాలన్న భయం మా టీచర్లది. చిరిగిన పుస్తకాన్ని చదివిన పుస్తకంగా రాసుకోనివ్వండి అని అధికారులను అడుగుతున్నాను.

ఇంట్లో పుస్తకాలు కొనలేకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. (ఫోన్లో వేలు పెట్టగానే పేజీ జరిగిపోతుంది, కాగితమే మేలు.) నోటుపుస్తకంలో వందదాకా ఎందుకు రాయించలేదని అడగడానికొచ్చే అమ్మానాన్నలకు నా మనవి: ఈ రాత్రి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క బొమ్మ చూడండి. జవాబు మాత్రం మీరు అందించకండి.