అద్దె దుస్తుల వెనక అసలు మనుషులు

మొన్న మా ఆడపడుచు కూతురు వియత్నాం వెళ్లొచ్చింది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాక ఆ ప్రయాణం సులువైంది కదా! ఫోటోలు చూపించింది. ఒకదాంట్లో ముదురు నీలం కుట్టుపని దుస్తులు, మెడలో వెండి కడియం లాంటి హారం. "కొన్నావా?" అంటే "లేదత్తా, ఫోటో కోసం అద్దెకిస్తారు" అంది. ఆమె వెనక అలాంటి దుస్తుల్లోనే ఒకావిడ, వీపున బిడ్డను కట్టుకుని, చేతిలో సంచులతో నిలబడి ఉంది. "ఈవిడెవరే?" అన్నాను. "అక్కడ అమ్ముకునేవాళ్లు" అంది, తర్వాతి ఫోటోకి వెళ్లిపోతూ.

ఆ 'అమ్ముకునే ఆవిడ' గురించే నా ఆలోచన.

వియత్నాంలో ప్రభుత్వం గుర్తించిన జాతులు 54. జనాభాలో 85 శాతం దాకా కిన్హ్‌లే. మిగతా 53 జాతుల్లో చాలామంది కొండ ప్రాంతాల్లో ఉంటారు. 2025లో ఆ దేశానికి వచ్చిన విదేశీ పర్యాటకులు రెండు కోట్లు దాటారు. వాళ్లను పిలిచే ప్రకటనల్లో ఈ కొండజాతి స్త్రీల బొమ్మలు తప్పకుండా ఉంటాయి.

ఉత్తరాన ఉన్న సాపా పట్టణాన్నే తీసుకోండి. చుట్టుపక్కల ఊళ్లలో మోంగ్, దావో జాతులవాళ్లుంటారు. మోంగ్ స్త్రీలు నార మొక్కలు పెంచి, నార వడికి, నేసి, మైనంతో ముగ్గులు గీసి, నీలిమందులో ముంచి ఆరబెడతారు. ఒక్క లంగా తయారవడానికి నెలలు పడుతుంది. ఆ లంగా పోలికతో మిల్లు బట్ట మీద అచ్చేసినవి బజారులో చవగ్గా దొరుకుతున్నాయి. మా పిల్ల నాకు తెచ్చిన పర్సు తిరగేసి చూశాను. మిషను కుట్టే!

ఎవరి చేతికి ఎంత?

2014లో హనోయ్ నుంచి ఆ వైపు పెద్ద రహదారి వచ్చింది. 2016లో 3147 మీటర్ల ఫాన్సిపాన్ శిఖరానికి కేబుల్ కారు వచ్చింది. జనం పోటెత్తారు. కానీ పెద్ద హోటళ్లు ఎక్కువగా మైదానం నుంచి వచ్చినవాళ్లవే. కొండ స్త్రీకి మిగిలింది పర్యాటకుల వెంట మైళ్లు నడవడం, జారే మడిగట్ల మీద వాళ్ల చేయి పట్టుకోవడం, చివర్లో "నా దగ్గరొకటి కొనండి" అని అడగడం. పిల్లల దగ్గర ఏమీ కొనొద్దని అక్కడి అధికారులే చెబుతున్నారు. కొంటే ఆ పిల్లలు బడికి వెళ్లరని భయం.

ఒకప్పుడు శనివారం రాత్రి సాపాలో యువతీయువకులు పాటలు పాడుకుంటూ జోడీ వెతుక్కునేవారు. 'ప్రేమ సంత' అని పేరు. కెమెరాల వెలుగులు మీద పడేసరికి వాళ్లు తప్పుకున్నారు. తర్వాత అదే సంతను వేదిక మీద ప్రదర్శనగా పెట్టారు. పేరు మిగిలింది, మనుషులు పోయారు.

అలాగని పర్యాటకమే వద్దనలేం. బడి ముఖం పెద్దగా చూడని మోంగ్ అమ్మాయిలు విదేశీయులతో మాట్లాడీ మాట్లాడీ ఇంగ్లీషు నేర్చుకుని గైడ్లయ్యారు. కొందరు సొంత ఇంట్లోనే అతిథులకు బస ఇస్తున్నారు. తన ఇల్లు, తన వంట, తన ధర. ఎవరికి ఏం చూపించాలో, ఏది చూపించకూడదో తనే చెబుతుంది. నాకు కనిపించే తేడా అంతా ఇక్కడే ఉంది.

దక్షిణాన బావ్ ట్రుక్‌లో చాం స్త్రీలు సారె లేకుండా కుండలు చేస్తారు. కుండ కదలదు, ఆవిడే దాని చుట్టూ తిరుగుతుంది. 2022లో యునెస్కో ఈ కళను వెంటనే కాపాడాల్సిన వాటి జాబితాలో చేర్చింది. చూసేవాళ్లున్నా నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు. చూసిన జనం చప్పట్లు కొట్టి వెళ్లిపోతే ఆ తల్లి కూతురికి ఏమని చెప్పి నేర్పుతుంది?

మా పిల్లకి ఒకటే చెప్పాను. ఈసారి వెళితే ఊళ్లోవాళ్ల ఇంట్లోనే దిగు, ఆ ఊరి అమ్మాయినే గైడుగా పెట్టుకో, ఫోటోకి ముందు అడుగు. చేత్తో కుట్టింది కొంటే మరీ బేరమాడకు. మన చీర మీద కుట్టుపనికి మనం కూలీ కట్టమా? అదీ అంతే.